కోరమ్మ

మా పట్టణం పేరు రాయను. పలాస అనుకునేవాళ్లు పలాస అనుకోండి, టెక్కలి అనుకునేవాళ్లు టెక్కలి అనుకోండి. పేరు రాస్తే రేపటి నుంచి మునిసిపాలిటీ మీటింగు హాల్లో నాకు కుర్చీ వెయ్యరు. కుర్చీ లేకపోతే వార్త లేదు, వార్త లేకపోతే నాకు పూట గడవదు. నేనొక పత్రికకి స్థానిక విలేఖరిని. కాలవల్లో పూడిక, కుక్కల బెడద, శంకుస్థాపనలు, సంతాప సభలు, ఇదీ నా సాహిత్యం. కన్నమ్మ గురించి ఆ సాహిత్యంలో నాలుగు వాక్యాలకి మించి చోటు దొరకలేదు. ఆ కడుపుమంట కొద్దీ ఇక్కడ రాస్తున్నాను.

మా పట్టణానికి ఆరోగ్య సలహా మండలి అని ఒకటుంది. ఉందని చాలామందికి తెలియదు, తెలియకపోయినా వచ్చిన నష్టం లేదు. మూడు నెలలకోసారి కూడుతుంది. రిటైరైన డాక్టరు, మందుల షాపుల సంఘం పెద్ద, కాలేజీ లెక్చరరు, ఇద్దరు ముగ్గురు సేవా సంఘాల వాళ్లు, ఇలా ఊళ్లో తరచుగా శాలువాలు కప్పించుకునే వాళ్లందరూ అందులో సభ్యులు. అధ్యక్షుడు పోలారావు, జీడిపప్పు మిల్లు యజమాని. కాగితాల పని మునిసిపల్ మేనేజరు రమణమూర్తిది. మండలి వెయ్యమన్న ఉత్తర్వులో చిట్టచివర "రోగుల కుటుంబాల నుంచి ఒక మహిళ" అని ఒక ముక్క ఉంది. ఆ ముక్క పూరించడానికి రమణమూర్తి డయాలసిస్ కేంద్రానికి ఫోను చేసి, "అక్కడ సంతకం చెయ్యడం వచ్చిన ఆడమనిషి ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఆ వేళకి వరండాలో కన్నమ్మ కూర్చుని ఉంది. సంతకం వచ్చు. అలా సభ్యురాలైపోయింది.

కన్నమ్మది అక్కుపల్లి దాటాక సముద్రం ఒడ్డు మీద ఒక చిన్న ఊరు. మొగుడు యువరాజు వేటకి వెళ్లేవాడు. ఆవిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని పట్టణంలో వీధి వీధీ తిరిగి అమ్మేది. ఆ గొంతు వింటే మేడ మీద నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి గిన్నె పట్టుకుని కిందికి రావలసిందే. మా ఉద్దానం ప్రాంతంలో ఆ కిడ్నీ జబ్బు ఎవరి గుమ్మం ఎప్పుడు తొక్కుతుందో ఎవరూ చెప్పలేరు. యువరాజు గుమ్మం తొక్కింది. వారానికి మూడుసార్లు యంత్రం మీద పడుకోవాలన్నారు. అతను వేట మానేశాడు. ఆవిడ గంప దించలేదు. మొగుణ్ణి యంత్రం దగ్గర పడుకోబెట్టి, అతను లేచేలోపు నాలుగు వీధులు తిరిగి గంప ఖాళీ చేసుకుని వచ్చేది.

యువరాజు హాస్యాల మనిషి. రోజుకి ఇన్ని నీళ్లకి మించి తాగకూడదని డాక్టరు కొలత పెడితే, "జీవితమంతా నీటి మీద తిరిగినోడికి గుక్కెడు నీళ్లకి కరువొచ్చింది, సూసినావా బాబూ" అని నాతోనే నవ్వాడు. పెళ్లాం సభ్యురాలైందని తెలిసిన రోజున మంచం మీంచే దండం పెట్టాడు.

"ఏటే మెంబరమ్మా, ఇక మీద నిన్ను మీరు అనాలేటి నాను?"

"అనకపోతే మీటింగులో పెడతాను మావా, ఏటనుకున్నావో" అంది కన్నమ్మ. అనడానికి సరసంగానే అంది గానీ మొహం వెలిగిపోయింది. సభ్యురాలినయ్యానన్న సంబరం ఆవిడకి నిజంగానే ఉంది. ఉండకూడదా? కుర్చీ ముందు తన పేరు రాసిన అట్టముక్క ఉంటే ఎవరికి ఉండదు!

మొదటి మీటింగుకి గంప ఇంట్లో వదిలి, పెట్టె అడుగునున్న మంచి చీర కట్టుకుని వచ్చింది. అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చారు. రమణమూర్తి ఫైలు తెరిచి హాలంతా కలయజూసి, "కోరం ఉందా?" అన్నాడు. సభ్యుల్లో సగం మందైనా లేకపోతే మీటింగు చెల్లదు, ఆ సంఖ్యని కోరం అంటారు. ఇంగ్లీషు ముక్కే గానీ మన ఆఫీసుల్లో అరిగి అరిగి తెలుగైపోయింది. కన్నమ్మకి మాత్రం అది అచ్చ తెలుగులాగే వినిపించింది. లేచి నిలబడింది.

"ఎందుకు కోరం బాబూ? కోరతాం. కోరడానికే గదా ఒచ్చినాను."

హాలు ఘొల్లుమంది. పోలారావు కళ్లు తుడుచుకున్నాడు. లెక్చరరుకి పొలమారింది. రమణమూర్తి ఓపిగ్గా అర్థం చెప్పాడు. చెప్పాక కన్నమ్మ కూడా పకపకా నవ్వి, "నాకేటి తెలుసు నాయినా, నాను సేపలమ్ముకునేదాన్ని" అంటూ కూర్చుంది. నవ్వినందుకే నాకు ఆ మనిషి నచ్చింది. ఆ రోజు నుంచి మండలిలో ఆవిడ పేరు కోరమ్మ. "కోరమ్మ గారొచ్చేశారు, ఇంక కోరానికి లోటేటి" అని పోలారావు ప్రతిసారీ అనేవాడు. అన్న ప్రతిసారీ అదే మొదటిసారి అయినట్టు అందరూ నవ్వేవాళ్లు.

ఆవిడ కోరిందేమిటో ముందు చెప్పాలి. డయాలసిస్ కేంద్రంలో రోజుకి మూడు విడతలు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. పట్టణం వాళ్లు ముందే పేర్లు రాయించుకున్నారు కాబట్టి పొద్దుటిదీ, మధ్యాహ్నానిదీ వాళ్లవే. సముద్రం ఒడ్డు ఊళ్ల వాళ్లకి మిగిలింది సాయంత్రం. అది పూర్తయ్యేసరికి ఒడ్డుకి వెళ్లే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. యంత్రం మీంచి దిగిన మనిషి పిండేసిన గుడ్డలా ఉంటాడు. చలి పుడుతుంది, పిక్కలు పట్టేస్తాయి, లేస్తే కళ్లు తిరుగుతాయి. ఆ మనిషి తెల్లారేదాకా కేంద్రం వరండాలో, చాప మీద, దోమల్లో పడుకుని మొదటి బస్సుకి ఇంటికి పోవాలి. పొద్దుటి విడత వాళ్లేమో పని చూసుకుని ఇంటికి నడిచిపోయి భోంచేసి నిద్రపోతారు. వాళ్లకి సాయంత్రమైనా ఒకటే. ఇటువాళ్లని అటు, అటువాళ్లని ఇటు మారిస్తే సరిపోతుంది. కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త గది అక్కర్లేదు, ప్రభుత్వం గోడకి ఒక్క మేకు కొట్టక్కర్లేదు. కన్నమ్మ కోరిక మొత్తం ఇంతే. పెద్ద కోరికైతే తీరలేదని సరిపెట్టుకునేవాణ్ణి. ఇంత చిన్నది తీరకపోవడం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆవిడ ఊళ్లో పెద్దలు కూర్చునే పద్ధతి వేరు. పైకి లాగిన పడవల నీడలో ఇసక మీద కూర్చుంటారు. మొర పెట్టుకున్నవాడి మాటే మొదట వింటారు. అది తేలేదాకా ఎవరూ లేవకూడదు, ఒంటికి అంటిన ఇసక దులుపుకోకూడదు. పెద్ద లేచి పంచె దులుపుకున్నాడంటే మాట ఇచ్చేసినట్టే, ఇంక దానికి తిరుగులేదు. "ఇసక దులిపీసినారా?" అని ఇళ్ల దగ్గర ఆడవాళ్లు అడుగుతారు. దులిపేశారంటే ఆ పని జరిగిపోయిందని లెక్క. ఇచ్చిన మాట వేరు, జరిగే పని వేరు అన్న సంగతి ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ పద్ధతిలో పెరిగిన మనిషి వచ్చి మా మండలిలో కూర్చుంది.

మా పద్ధతి ఏమిటంటే, సభ్యులు వస్తూనే సంతకం చేస్తారు. మునిసిపాలిటీ అటెండరు మంగ టీతో పాటు జీడిపప్పు పకోడీ పళ్లేలు తెస్తుంది. పప్పు పోలారావు మిల్లుది, కాబట్టి పకోడీలో శనగపిండి తక్కువ, పప్పు ఎక్కువ. తింటూ ఉండగా జాతీయ దినోత్సవాల ఏర్పాట్లు, కొత్తగా వచ్చిన అధికారికి సన్మానం, ఆసుపత్రి గేటు మీద ఎవరి పేరు రాయించాలన్న చర్చ నడుస్తాయి. గేటు దగ్గర కాస్త వేడెక్కుతారు. పళ్లెం ఖాళీ అయ్యాక ఒకాయనకి ఫోను వస్తుంది, ఒకాయనకి షాపు గుర్తొస్తుంది. కన్నమ్మ మాట ఎప్పుడూ "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" అన్న ఆఖరి వరసలో ఉండేది. అక్కడికి వచ్చేసరికి హాల్లో పోలారావు, రమణమూర్తి, ఎక్కడికీ పోలేని నేను, ఖాళీ పళ్లేలు ఏరుకుంటున్న మంగ మిగిలేవాళ్లం.

"కోరం లేదమ్మా. వచ్చే మీటింగులో చూద్దాం" అనేవాడు రమణమూర్తి.

"మంచి మాటే కన్నమ్మా, తప్పకుండా సేద్దాం" అనేవాడు పోలారావు. చెడ్డవాడైతే తిట్టిపోసి ఊరుకునేదాన్ని అని తర్వాత ఒకసారి కన్నమ్మ నాతో అంది. పోలారావు చెడ్డవాడు కాదు. జీవితంలో ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. మీటింగయ్యాక, "వచ్చేవారం పండుగప్ప దొరికితే ఇంటికి పట్రా కన్నమ్మా" అని కూడా ప్రేమగా అడిగేవాడు. ఆవిడ పట్టుకెళ్లేది.

అలా ఒక మీటింగు పోయింది, ఇంకోటి పోయింది. వరండాలో యువరాజుకి జ్వరం పట్టుకుని వారం రోజులు తగ్గలేదు. మూడోదాని తర్వాత కన్నమ్మ మెట్ల మీద నన్ను ఆపింది.

"పేపరు బాబూ, ఒచ్చినప్పుడున్న కోరం మా మాటొచ్చేసరికి ఏటైపోతంది?"

"పకోడీ తినీసి ఎల్లిపోతంది" అన్నాను నేను. ఏదో నోటి తీట కొద్దీ అన్నాను. ఆవిడ నవ్వలేదు. వెనక్కి తిరిగి మంగని వెతుక్కుంటూ లోపలికి వెళ్లింది.

తర్వాత మీటింగులో టీలు వచ్చాయి, పళ్లేలు రాలేదు. పక్కగదిలోంచి నూనెలో వేగిన కరివేపాకు వాసన మాత్రం వస్తోంది. సన్మానం అయింది. గేటు పేరు చర్చ అయింది. మందుల షాపుల పెద్ద రెండుసార్లు తలుపు వైపు చూశాడు. రమణమూర్తి, "మంగా, టిఫిన్ ఏమైంది?" అంటే, "పొయ్యి సతాయిత్తంది సార్, ఇదిగో అయిపోతంది" అని లోపల్నుంచే సమాధానం. ఒక్కరూ లేవలేదు. ఫోను వచ్చినాయన కూడా తిరిగి చేస్తానని పెట్టేశాడు. ఊళ్లో పెద్దమనుషులు అంతసేపు ప్రజారోగ్యం గురించి కూర్చోవడం అంతకు ముందు నేను చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

కన్నమ్మ లేచింది. వరండా సంగతి చెప్పింది. గొంతు తగ్గించి చెప్పింది, వీధిలో అరిచే గొంతు కాదు. "మా మావ దిగినాక ఒణికిపోతాడు బాబూ. ఆ దోమల్లో పడుకోనేక కూకుంటాడు. మమ్మల్ని ముందెక్కించండి, ఎలుగుండగా ఇంటికెల్లిపోతాం. ఇంకేటీ ఒద్దు." రిటైరైన డాక్టరు న్యాయమేనన్నాడు. లెక్చరరు బలపరిచాడు. సముద్రతీర గ్రామాల రోగులకు ఉదయం విడతలో ప్రాధాన్యం ఇవ్వాలని సిఫారసు చేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనదని రమణమూర్తి గబగబా చదివాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే పళ్లేలు వచ్చాయి.

పోలారావు తినడం ముగించి లేచాడు. ఒళ్లో పడిన పకోడీ పొడి రాలేలా పంచె రెండు చేతులా దులుపుకుని, "అయిపోనాది కన్నమ్మా నీ పని" అన్నాడు.

కన్నమ్మ ఆ పంచె వైపే చూస్తోంది. ఆ చూపుకి అర్థం నాకప్పుడు తెలియలేదు. చేతులు జోడించి, కళ్లనీళ్లు పెట్టుకుని, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే ఊరూరికీ కబురు చేసింది. పెద్దలు లేచి దులిపేశారు, ఇంక మనకి పొద్దుటి విడత అని.

ఆ తర్వాత వంతు రోజున ఒడ్డు ఊళ్ల రోగులందరూ మొదటి బస్సుకే దిగారు. యువరాజు తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. దాలయ్య అని ఒక ముసలాయన, నడవలేడు, మనవడి భుజం పట్టుకుని వచ్చాడు. కేంద్రంలో యంత్రాలన్నిటి మీదా పట్టణం వాళ్లు పడుకుని ఉన్నారు. "మాకేం కాగితం రాలేదమ్మా" అన్నాడు టెక్నీషియను. అతని తప్పు లేదు, నిజంగానే రాలేదు. తిరిగి వెళ్దామంటే మళ్లీ సాయంత్రానికి రావాలి. ఉండిపోయారు. ఎండలో, తాగడానికి లేని దాహంతో, సాయంత్రం దాకా ఆ వరండాలోనే కూర్చున్నారు. రాత్రి ఎలాగూ అక్కడే. అలవాటైన నరకానికి కన్నమ్మ పుణ్యాన ఒక పగలు కూడా కలిసింది.

"ఓలమ్మా మెంబరమ్మా, నీ మాట నమ్మి ఒచ్చినాం గదే" అన్నాడు దాలయ్య. తిట్టలేదు, అంతే అన్నాడు. మిగతావాళ్లు అంత మర్యాదగా అనలేదు. కుర్చీ ఎక్కేసరికి కళ్లు నెత్తికెక్కాయని ఒకామె మొహం మీదే అనేసింది. యువరాజు అందరి మాటా విని, "నా పెళ్లాం మోసం సెయ్యలేదు, మోసపోనాది. ఆ రెండిటికీ తేడా నేదేటి?" అన్నాడు. నేను అతని దగ్గర హాస్యం లేని మాట విన్నది అదొక్కటే.

కన్నమ్మ మునిసిపాలిటీకి వచ్చింది. రమణమూర్తి కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

"చూడమ్మా, మనది సలహా మండలి. సలహా ఇస్తాం. తీసుకోవడం, మానడం వాళ్లిష్టం."

"మరి ఆలకి ఇచ్చినారా బాబూ?"

"పైకి పంపాం. పైనుంచి ఇంకో పైకి వెళ్తుంది. అక్కణ్ణుంచి కేంద్రం నడిపే కాంట్రాక్టు వాళ్లకి రావాలి."

"పోలారావు బాబు లేసి దులుపుకున్నాడు గదా!"

రమణమూర్తికి అర్థం కాలేదు. నాకు అప్పుడు అర్థమైంది. చెప్పబోయి ఊరుకున్నాను, చెప్పినా అతను దాన్ని కూడా జోకు చేసి మీటింగులో చెప్పుకునేవాడు. కన్నమ్మ నీళ్లు తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టింది. "సలగా అంటే దారిన పోయే సుట్టం సెప్పే మాటన్నమాట. అది సెప్పడానికా ఇన్ని కుర్సీలు, ఇన్ని పకోడీలు?" అంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. ఆ మండలే లేకపోతే ఈవిడ ఒడ్డు ఊళ్ల జనాన్ని వెంటేసుకుని ఆ కేంద్రం గుమ్మంలో కూర్చుని ఎప్పుడో సాధించేది. ఆ మాట నేను అంటే, "మెంబరు గుమ్మంలో కూకోకూడదట బాబూ, రమణమూర్తి గారన్నారు" అంది.

అయినా ఆవిడ ఊరుకోలేదు. తర్వాత మీటింగులో లేచి రెండే మాటలు చెప్పింది. మీటింగు మొదలెట్టగానే కిందటిసారి ఇచ్చిన సలహా ఏమైందో చెప్పాలి. కష్టం ఉన్నవాడి మాట ముందు వినాలి, గేటు పేరు తర్వాత. ఇన్నేళ్లుగా ఎన్నో సదస్సులకి వెళ్లి ఎందరో నిపుణులు చెప్పగా రాసుకున్నాను, సలహా మండళ్లు బాగుపడాలంటే ఏం చెయ్యాలో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. పోలారావు తల ఊపాడు. "బంగారం లాంటి మాట. వచ్చే మీటింగులో పెడదాం" అన్నాడు. ఆ వచ్చే మీటింగుకి రమణమూర్తి చేసిన సంస్కరణ మాత్రం ఒకటుంది. పకోడీ ఆలస్యం అవుతోందని సభ్యులు ఫిర్యాదు చేశారట. పొట్లాలు కట్టించి సంతకం పెట్టే బల్ల దగ్గరే ఇప్పించాడు. ఇప్పుడు కూర్చుని తినే అవసరం కూడా లేదు. కోరం పొట్లం పట్టుకుని గేటు దగ్గర్నుంచే వెళ్లిపోయేది.

యువరాజు ఈ మధ్యలో తన సలహా తనే పాటించడం మొదలుపెట్టాడు. వరండా ఇక పడలేనన్నాడు. సాయంత్రం యంత్రం మీద ఉండగానే, "బాబ్బాబు, ఓ గంట ముందు దింపీ. ఆకరి బస్సుంది" అని టెక్నీషియన్ని బతిమాలేవాడు. ఒప్పుకోకపోతే నవ్వించి ఒప్పించేవాడు. తన ఇష్టంతోనే దిగుతున్నానని సంతకం పెట్టి, గోడ పట్టుకుని నడిచి బస్సెక్కేవాడు. ఆ గంటలో వెళ్లాల్సిన నీరు ఒంట్లోనే ఉండిపోయేది. కన్నమ్మ దెబ్బలాడింది, ఏడ్చింది, డ్రైవరు కాళ్ల మీద పడి కాసేపు బస్సు ఆపమంది. డ్రైవరు ఒకసారి ఆపాడు, రోజూ ఆపుదామంటే అతనికీ పైన ఎవరో ఉన్నారు. "నాకు మన గుమ్మంలో పడుకుంటే నిద్రొత్తాదే. ఆ నిద్రకోసం సచ్చినా పరవానేదు" అన్నాడట యువరాజు.

సరసానికి అన్న మాట నిజమైంది. వర్షాలు మొదలైన వారంలో ఆయాసం వచ్చింది. ఒళ్లంతా నీరు పట్టి, పడుకుంటే ఊపిరి అందక, గుమ్మానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఆటో పిలుచుకుని వచ్చేలోపు అలాగే కూర్చుని పోయాడు. నీళ్లకి మొహం వాచిన మనిషి నీరు పట్టి చచ్చిపోయాడు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్లకి పోలారావు మిల్లు కారు ఒడ్డు ఊరికి వెళ్లింది. నేను కూడా అందులో ఉన్నాను, సంతాప వార్త కోసం రమ్మన్నాడు. రోగుల్ని దింపడానికి ఏనాడూ దొరకని కారు ఇసకలో దిగబడుతూ, ఊగుతూ కన్నమ్మ గుమ్మం దాకా వెళ్లింది. పోలారావు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లు కావు, అదే నా బాధ. కాసేపయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"ఇవేళ మీటింగుంది కన్నమ్మా. నువ్వొచ్చి తీరాల. ఎజెండాలో మొట్టమొదట యువరాజుకి సంతాపమే పెట్టించినాను."

దాని వెనకాల ఉన్న మాట వెళ్లేటప్పుడే దారిలో నాకు చెప్పాడు. మండలి గడువు ఆ రోజుతో తీరిపోతుంది. గడువు పొడిగించమని తీర్మానం చేసి పంపాలి. ఇద్దరు సభ్యులు ఊళ్లో లేరు, ఒకాయన పెళ్లిలో ఉన్నాడు. కన్నమ్మ వస్తేనే కోరం. కన్నమ్మకి ఆ సంగతి తెలియకపోలేదు. కారు చూడగానే తెలిసి ఉంటుంది. లేచి, చెప్పులు వేసుకుని వచ్చి కారెక్కింది.

హాల్లో ఆవిడ పేరు రాసిన అట్టముక్క అలాగే ఉంది. అందరూ లేచి నిలబడి మౌనం పాటించారు. పోలారావు, తీరప్రాంత ప్రజల ఆరోగ్యానికి యువరాజు జీవితం స్ఫూర్తి అన్నాడు. ఎలా స్ఫూర్తో చెప్పలేదు. కూర్చున్నారు. రమణమూర్తి కాగితం తిప్పి, "తర్వాత అంశం, మండలి గడువు పొడిగింపు. కోరం ఉందా?" అన్నాడు. అని, అలవాటు కొద్దీ కన్నమ్మ వైపు చూసి చిన్నగా నవ్వాడు.

కన్నమ్మ లేచింది.

"మావ బతికున్నన్నాళ్లూ ఆడి మాట ఆకర్న పెట్టినారు. సచ్చిపోనాక మొదట పెట్టినారు" అంది. అరవలేదు.

"కూకో కన్నమ్మా, కూకో. నీ బాధ మాకు తెల్దా? నీకేటి కావాలో కోరు, ఈ తీర్మానంలోనే రాయించీద్దాం" అన్నాడు పోలారావు.

"కోరం" అంది కన్నమ్మ. "కోరం బాబూ. ఇంక మేమేటీ కోరం."

చీర కుచ్చెళ్లు రెండు చేతులా దులుపుకుంది. అక్కడ ఇసకా లేదు, పకోడీ పొడీ లేదు. దులుపుకుని బయటికి వెళ్లిపోయింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. రమణమూర్తి తలలు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, ఫైలు మూసేశాడు.

ఇదేదో ఆవిడ గెలుపని అనుకునేరు. కొన్ని నెలలకి కొత్త మండలి వేశారు. అధ్యక్షుడు పోలారావే. ఉత్తర్వులో ఒకే ఒక్క మార్పు: కోరానికి సగం మంది అక్కర్లేదు, మూడో వంతు చాలు. "రోగుల కుటుంబాల నుంచి ఒక మహిళ" అన్న ముక్క ఈసారి తీసేశారు. దాలయ్య ఇప్పటికీ సాయంత్రం విడతలోనే ఉన్నాడు, వరండాలోనే పడుకుంటున్నాడు. యువరాజు మంచం ఖాళీ కాగానే ఒడ్డు నుంచే ఇంకెవరో వచ్చి అందులో పడుకున్నారు.

ఆనాటి వార్త నేనే రాశాను. నాలుగు వాక్యాలు. పైన శీర్షిక, "కోరం లేక సమావేశం వాయిదా". మొన్న సంత దగ్గర కన్నమ్మ కనిపించింది. గంప దింపుకుని, కవ్వళ్ల చేపలు ఏరి పక్కన పెడుతోంది. పలకరించాను. నా వార్త ఎవరితోనో చదివించుకుందట.

"తప్పు రాసినావు పేపరు బాబూ" అంది, తల ఎత్తకుండానే. "కోరం నేక కాదు. కోరం అన్నాను గనక."